వినరాని ‘మూడో షిఫ్టు’

ఫోనులో ఒక పొల్లు రాలిపోయింది. మొదట జరిగింది అంతే.

రాజధాని నుంచి సంస్కృతీ శాఖ వారు "డెబ్బైల నాటి పాప్ ఆల్బంలు ఎక్కడున్నా వెతికి పంపండి" అన్నారు. ఇక్కడ విశాఖపట్నంలో ఫోనెత్తిన గుమాస్తా గారి చెవిలో ‘పాప్’ కాస్తా ‘పాప’ అయింది. వారం తిరక్కుండా శిశు సంక్షేమం వారి జీపులో డెబ్బై మంది పాపల ఫోటో ఆల్బంలు రాజధానికి బయల్దేరాయి. బోర్లా పడ్డ పాప, బోసినవ్వుల పాప, ఉగ్గుగిన్నె నెత్తిన బోర్లించుకున్న పాప. పాపం, పాపల తప్పేమీ లేదు. అక్కడ వాటిని అందుకున్న అధికారి అట్ట తెరవకుండానే జవాబు రాశాడు: "సంగీత ఆల్బంలు అందినవి. నాణ్యత సంతృప్తికరము."

ఆ ఏడాది జాబితాల జ్వరం బాగా ముదిరి ఉంది. చచ్చేలోగా తినాల్సిన దోసెలు, చచ్చేలోగా చూడాల్సిన జలపాతాలు, చచ్చేలోగా వినాల్సిన ఆల్బంలు. ఇన్ని పనులు చెబితే మనిషి చావడానికి తీరికెక్కడిది? ఎవరో పెద్దాయన విమానంలో పత్రిక తిరగేస్తూ, డెబ్బైల దశకాన్ని ‘నిర్వచించిన’ రాక్, పాప్ ఆల్బంల జాబితా చూశాడు. మన రాష్ట్రానికీ అలాంటి నిర్వచనం ఒకటి ఉండాలన్నాడు. విమానం దిగేసరికి అది విధానమైపోయింది.

పాపల గొడవ బయటపడ్డాక, ఇలాంటి పొరపాటు ఒక్కరే చేయకుండా నలుగురూ కలిసి చేయాలని ఒక మండలి వేశారు. పేరు ‘సప్తతి దశక నిర్వచనాత్మక రాక్-పాప్ ఫలక సంరక్షణ మండలి’. ఆ పేరు ఒక్క ఊపిరిలో అనగలిగినవాడు గాయకుడే. అధ్యక్షులు శ్రీ వంకాయల దక్షిణామూర్తి గారు. తూనికలు, కొలతల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. సభ్య కార్యదర్శి హైమవతి గారు. రాక్ సంగీతం మీద ఎప్పుడో వేళాకోళంగా ఒక వ్యాసం రాశానని నన్ను అనధికార సభ్యుణ్ణి చేశారు. నాకు ఓటు లేదు, మాట లేదు. కమిటీలో నా వాటా చివరి అక్షరం మాత్రమే.

ఇక ఆల్బంల సంగతి. ఓడరేవు పక్కన నావికుల క్లబ్బు ఒకటి ఉండేది. డెబ్బైల్లో ఓడ దిగినవాడల్లా చంకలో ఓ రికార్డు పెట్టుకుని దిగేవాడు. ఎక్కేటప్పుడు చంకలో ఏముండాలో గుర్తుండని స్థితిలో ఎక్కేవాడు. అలా లోకంలోని జులపాల రాక్ అంతా క్లబ్బు బీరువాల్లో చేరింది. క్లబ్బు మూతపడ్డాక బీరువాలు ప్రభుత్వానికి వచ్చాయి.

ఆ విదేశీ గుంపులో ఒకటి మన ఊరిది. ‘హార్బరు సైరన్లు’ అని నలుగురు కుర్రాళ్ళ బ్యాండు చేసిన ఒకే ఒక్క ఆల్బం, ‘మూడో షిఫ్టు’. పాడినవాడు వాల్తేరు రైల్వే క్వార్టర్ల విన్సెంటు. డ్రమ్ములు కొట్టినవాడు మా వీధి పైడిరాజు. అచ్చేసినవి కొద్ది కాపీలు. తుఫాన్లు తిన్నవి తినగా, చుట్టాలు అరువు పట్టుకెళ్ళినవి పోగా, మిగిలింది క్లబ్బు బీరువాలో ఉన్నదొక్కటే.

పైడిరాజు నన్ను అల్లుడంటాడు, నేను మావా అంటాను. చుట్టరికం లేదు, అలవాటు. పగలు ఓడల కర్మాగారంలో రివిట్లు కొట్టి, రాత్రి క్లబ్బులో డ్రమ్ములు కొట్టి, చెవులను రెండు షిఫ్టులు పనిచేయించాడు. ఎడమ చెవి ఎప్పుడో రాజీనామా ఇచ్చింది. కుడి చెవి వానాకాలం దాకా ఉంటే గొప్పని డాక్టరు చెప్పాడు. విన్సెంటు కిందటేడు పోయాడు.

"ఇన్సెంటుగాడి గొంతు ఒక్కపాలి వినీసినానంటే సాలు అల్లుడూ," అన్నాడు పైడిరాజు మా అరుగు మీద కూర్చుని. "ఆ తర్వాత సెవులు పోతే పోనీ. ఇంక వినాల్సిందేటున్నాది? మీ అత్త తిట్లేనా?"

"నేను మండలిలో ఉన్నాను కదా మావా, వినిపిస్తాను" అన్నాను. మండలిలో ఉండడానికీ మండలితో పని అవడానికీ సంబంధం లేదని అప్పటికి నాకు తెలీదు.

మొదటి సమావేశంలో హైమవతి గారు చేతులకు తొడుగులు వేసుకుని, ఒక విదేశీ రికార్డును అట్టలోంచి తీసి భూతద్దంతో చూశారు. ఆమె ముఖం వాడిపోయింది.

"సార్, ఫలకం ధ్వంసమైంది. ఈ అంచు నుంచి మధ్య దాకా ఎవరో సూదితో గీతలు గీశారు."

"రెండో వైపు?" అన్నారు అధ్యక్షులు.

"రెండో వైపూ అంతే సార్. ఒక్క అంగుళం వదల్లేదు."

"చూశారా, ఎంత ఓపిగ్గా గీశాడో! పథకం ప్రకారం జరిగిన పని."

నేను ఉండబట్టలేక, "అయ్యా, అవి గాడులు. గీతాలు ఆ గీతల్లోనే ఉంటాయి" అన్నాను.

"గీతాలు అట్ట వెనకాల వరుసగా అచ్చేసి ఉన్నాయి కదండీ. లోపల మళ్ళీ దేనికి?"

"ముల్లు గాడిలో నడిస్తేనే పాట వస్తుందండీ."

"అంటే పాట వచ్చినప్పుడల్లా ముల్లు గీకుతుందన్నమాట."

"గీకదండీ, రాసుకుంటూ పోతుంది."

"రాసుకుంటే అరగదా?"

"ఏదో, పిసరంత..."

ఆ పిసరే కొంప ముంచింది. దక్షిణామూర్తి గారు కళ్ళు మూసుకుని తీర్మానం చెప్పారు, హైమవతి గారు కళ్ళు తెరిచి రాసుకున్నారు. "శ్రవణము వలన ఫలకములు క్షయించుచున్నట్లు అనధికార సభ్యులు స్వయముగా అంగీకరించినందున, ఇకమీదట ఏ ఫలకమునూ అట్ట నుండి వెలికి తీయరాదు. వాయించరాదు. వినుట విధ్వంసక చర్యగా పరిగణింపబడును." మంత్రిగారి సంతకంతో అది నిబంధన అయి కూర్చుంది.

గాడిలో పెడదామని వెళ్ళినవాణ్ణి, గాడిదనై తిరిగొచ్చాను.

రెండో సమావేశం ఎంపికకు. వినకుండా ఎంచడమెలా అని నేను బెంగపడ్డాను గానీ, అధ్యక్షుల వారు నిమ్మళంగా సంచిలోంచి త్రాసు తీశారు.

"నలభయ్యేళ్ళ సర్వీసులో నేను ఏ సరుకునూ రుచి చూడలేదు" అన్నారాయన. "తూచాను. రుచి మనిషి మనిషికీ మారుతుంది. తూకం మారదు."

అట్టతో సహా ఆల్బంలు తూచారు. రెండు మడతల అట్ట ఉన్నది రెండింతల గొప్ప ఆల్బమైంది. నల్లటి అట్ట మీద ఒక్క అక్షరమైనా లేకుండా, చూస్తేనే గుండె ఝల్లుమనే ఆల్బమొకటి ఉంటే ‘ముద్రణాలోపము’ అని పక్కన పెట్టారు. తర్వాత కొలతలు. రాక్ అంటే తిరుగుబాటు కనక, తిరుగుబాటుకు జుట్టు ఆధారం కనక, అట్టల మీది మనుషుల జుట్టును స్కేలు పెట్టి కొలిచారు. గుండు గీయించుకున్న గాయకుడొకడు ఉన్నాడు. "ఈయన ప్రభుత్వానికి అనుకూలుడు" అని తీసేశారు.

ఆశ్చర్యం, ‘మూడో షిఫ్టు’ మొదటి స్థానంలో వచ్చింది. కారణం నాకొక్కడికే తెలుసు. ఆ అట్ట మీద నలుగురు కుర్రాళ్ళూ హార్బరు క్రేను కింద నిలబడ్డారు. క్రేను నుంచి వేలాడే తాడును కూడా హైమవతి గారు విన్సెంటు జుట్టులో కలిపి కొలిచారు. నేను నోరెత్తలేదు. కిందటిసారి నోరెత్తితే ఏమైందో చూశాను కదా.

అట్టను బట్టి రాక్ కానివన్నీ ‘అసంబద్ధ ఫలకములు’ అయ్యాయి. హరికథలు, చలిమందు ప్రకటనలు, పశుసంవర్ధక శాఖ వారి ‘పాడి పశువుల పోషణ’, ఇలా. వాటిని మూటగట్టి ‘వ్యర్థం నుంచి అర్థం’ అనే పథకం కింద జ్ఞాపికలు చేసే కాంట్రాక్టరుకు అప్పజెప్పారు. సన్మాన సభలో అతిథులకివ్వడానికి ఆయన వాటి మధ్యలో యంత్రం బిగించి, చుట్టూ అంకెలంటించి, గోడ గడియారాలు చేస్తాడట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇది మాత్రం చెప్పక తప్పదు.

పైడిరాజు వినతిపత్రం పెట్టుకున్నాడు. దాన్ని వినతి అని ఎందుకన్నారో నాకు అప్పుడు బోధపడింది. ఇచ్చేవాడికది వినతి, పుచ్చుకునేవాడికది విననిది. పది రోజులకు జవాబొచ్చింది: "మీ వినతి విననైనది. ఆల్బము వినరాదు. అయినను మీరు సదరు ఆల్బమునందలి వాద్యకారుడనని చెప్పుకొనుచున్నందున, వ్యక్తిగత విచారణకు హాజరు కావలెను."

వెళ్ళాం. హైమవతి గారు అద్దాల పెట్టెలోని అట్టను చూపించి, "ఇందులో మీరెక్కడ?" అని అడిగారు.

"ఇదిగోనమ్మా, ఈ ఇత్తడి పళ్ళేనికి ఎనకాల ఉన్నది నానే."

"పళ్ళెం కనిపిస్తోంది. మీరు కనిపించడం లేదు."

"నాను కొడతంటేనే గదమ్మా పళ్ళెం ఊగతాది!"

"ఫోటోలో ఊగడం లేదండీ."

పైడిరాజు నా వైపు తిరిగాడు. "అల్లుడూ, ఈయమ్మ సదువుకున్నాది గదా?"

"చాలా" అన్నాను.

"అదే అనుకున్నాను."

అధ్యక్షుల వారు దయగల మనిషి. ముసలివాణ్ణి ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక, ప్రజల కోసం కొత్తగా ఏర్పాటు చేసిన ‘మౌన శ్రవణ మందిరం’లోకి మమ్మల్ని తీసుకెళ్ళారు. చల్లటి గది, మెత్తటి కుర్చీ, ఎదురుగా అద్దాల్లో ఆల్బం. కుర్చీకి చెవుల్లో పెట్టుకునే యంత్రం వేలాడుతోంది. దాని తీగ ఎక్కడికి వెళుతోందా అని చూశాను. కుర్చీ కాలు చుట్టూ ఓసారి తిరిగి, అక్కడే ముగిసిపోయింది.

"పెట్టుకుని భావనతో వినండి" అన్నారు దక్షిణామూర్తి గారు. "నా పేరుగల దేవుడు మౌనంగానే మహర్షుల సందేహాలు తీర్చాడు. ఒక పాటెంత?"

పైడిరాజు పెట్టుకున్నాడు. కాసేపు అట్టకేసి చూశాడు. అట్ట మీద విన్సెంటు నోరు తెరిచి ఉన్నాడు. పైడిరాజు వేళ్ళు మోకాలి మీద రెండుసార్లు తట్టి ఆగిపోయాయి. యంత్రం తీసి కుర్చీకి తగిలించాడు.

"సేలా బాగున్నాది బావూ. సెవుడొచ్చీసినాక ఎలాగుంతాదో ముందే సూపెట్టినారు."

హైమవతి గారు పుస్తకంలో రాసుకున్నారు: "సందర్శకులు సంతృప్తి వెలిబుచ్చిరి."

సన్మాన సభ నాటికి నైరుతి మేఘాలు కొండల మీదకు వచ్చేశాయి. ఆ రోజు పొద్దుట నేను మావను రెండుసార్లు కేకేస్తే గానీ పలకలేదు. చెయ్యి పట్టుకుని సభకు తీసుకెళ్ళి, మైకు సెట్టు వాళ్ళ పెట్టె పక్కన కూర్చోబెట్టాను.

సన్మానం ఎవరికనుకున్నారు? ఆల్బానికి. వేదిక మీద కుర్చీ వేసి, అందులో ‘మూడో షిఫ్టు’ను ఆనించి, శాలువా కప్పి, మెడ లేదు కనక మూలకి దండ తగిలించారు. క్లబ్బు నాటి గ్రామఫోను యంత్రాన్ని పక్కన బొట్టు పెట్టి ఉంచారు. వేదిక మీదివారికీ, ముందు వరుసల్లోవారికీ తలా ఒక నల్ల గడియారం అందింది. దక్షిణామూర్తి గారు తన గడియారాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, ఆ దశకాన్ని ఈ ఆల్బం ఎలా నిర్వచించిందో ముప్పావుగంట ఉపన్యసించారు. విననివాడి ఉపన్యాసానికి అడ్డేముంటుంది?

మంత్రిగారు ఆవులించి మైకందుకున్నారు. "అంతా బాగుందయ్యా. ఇంతకీ పాటేదీ? ఒకటెయ్యండి."

"నిబంధన ఒప్పదండీ" అన్నారు అధ్యక్షులు.

"ఎవడు పెట్టాడా నిబంధన?"

"తమరి సంతకమేనండీ."

"నేను సంతకం పెట్టినవన్నీ చదువుతానేంటయ్యా? వెయ్యండి!"

హైమవతి గారు తొడుగులు వేసుకున్న చేతులతో అట్టలోంచి ఫలకాన్ని తీసి యంత్రం మీద పెట్టారు. అట్ట చదివారు కనక, ఫలకం మీద ఏముందో చదవలేదు. మైకు సెట్టాయన ముల్లు దించాడు. పైడిరాజు లేచి, కుడి చెవిని స్పీకరు పెట్టెకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

కరకరమని శబ్దం. తర్వాత గంభీరమైన మగ గొంతు.

"రైతు సోదరులకు నమస్కారం. గేదె ఈనిన వెంటనే దూడకు జున్నుపాలు పట్టించవలెను."

వెనకాల ఒక గేదె అరిచింది.

ముందు వరుసలోని కళావిమర్శకుడు నెమ్మదిగా తలాడించి, "మట్టి వాసన!" అన్నాడు. పక్కాయన "అంతా వచనమే, అప్పట్లోనే! ఎంత తెగువ!" అన్నాడు. దక్షిణామూర్తి గారు మైకులోకి వంగి, "గమనించారా, తిరుగుబాటు!" అన్నారు. గేదె రెండోసారి అరిచేసరికి చప్పట్లు పడ్డాయి. మంత్రిగారొక్కరే కాస్త ఆలోచించి, "కరెక్టే చెబుతున్నాడు. జున్నుపాలు పట్టకపోతే దూడ నిలవదు" అన్నారు.

"ఆపండెహె!" అని స్పీకరు పెట్టె దగ్గర కేక. పైడిరాజు వేదిక మెట్లెక్కుతున్నాడు. "ఇది మావోడి గొంతు కాదు. ఎవుడో పశువుల డాట్రుది!"

"అట్ట మీద స్పష్టంగా ఉందండీ" అన్నారు అధ్యక్షులు.

"అట్టని నమ్మినారేటి మీరు?" పైడిరాజు నెత్తి కొట్టుకుని, మంత్రిగారి చేతిలోని మైకు లాక్కున్నాడు. "అందరూ వినండి బావూ. ఆ కలబ్బులో ఏ అట్టలో ఏ రికార్డు అని ఎవుడు సూసినాడు? డేన్సు మద్దిలో ఒకటి తీసి ఇంకోటి ఎయ్యాల. జనం అరుస్తంటారు. తీసినది సేతికి ఏ అట్ట అందితే అందులో తోసీడమే. మళ్ళా కావాలంటే అట్ట కాదు, రికార్డు మద్దిలో అంటించిన సీటీ సదువుకునీవోళ్ళం. అక్కడ అందరికీ ఎరికే ఇది. మీరు ఒక్కపాలి బయటికి తీసి సూస్తే మీకూ ఎరికయ్యును!"

నాకు తెలిసిన భాషలో చెప్పాలంటే, ఆ క్లబ్బులో అట్టకూ రికార్డుకూ పెళ్ళి కాలేదు, ఉత్త సహజీవనమే. మండలి వారు మాత్రం శుభలేఖ చూసి దంపతులకు తాంబూలమిచ్చారు.

"అంటే మనం ఎంపిక చేసిన మిగతా ఆల్బంలు..." అని హైమవతి గారు మొదలుపెట్టి, మింగేశారు.

"పశువుల రికార్డు మా అట్టలో దూరిందంటే, మా రికార్డు పశువుల అట్టలో దూరుంతాది. ఆ అట్ట ఏదమ్మా?" అన్నాడు పైడిరాజు.

"అది... అసంబద్ధ ఫలకం కదండీ. మూటలో వెళ్ళిపోయింది."

"ఎక్కడికి?"

హైమవతి గారు ముందు వరుసల వైపు చూశారు. వరుసల్లోవారు తమ ఒళ్ళోకి చూసుకున్నారు. హాలు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, గడియారాలన్నీ టిక్కుటిక్కుమనడం వినిపించింది. ఆ మండలి కార్యక్రమంలో జనం నిజంగా విన్న మొదటి శబ్దం అదే.

తర్వాత తొక్కిసలాట. కళ్ళజోళ్ళు సవరించుకుని అందరూ గడియారాల మధ్యనున్న చీటీలు చదువుతున్నారు. "నాది హరికథ!" "నాది చలిమందు!" "నాది హిందీలో ఉంది, ఎవరైనా చదువుతారా?" విమర్శకుడి చేతిలో నాకు తెలిసిన ఓ గొప్ప విదేశీ ఆల్బం, పన్నెండు అంకెలతో.

దక్షిణామూర్తి గారు మాత్రం తన గడియారాన్ని గుండెకు హత్తుకుని కదలకుండా కూర్చున్నారు. నేను వెళ్ళి వంగి చూశాను. ముళ్ళ కింద, వెలిసిపోయిన నీలం చీటీ మీద, ‘హార్బరు సైరన్లు’.

"మావా, ఇక్కడ!"

అధ్యక్షులు లేచి నిలబడ్డారు. "సభకు మనవి. ఇది అసంబద్ధ ఫలకమని ఇంతవరకూ భావించాం. ఇప్పుడిది నిర్వచనాత్మక ఫలకమని తేలింది. కనక ఈ క్షణం నుంచి దీన్ని వాయించరాదు!"

"ఇచ్చెయ్యవయ్యా" అన్నారు మంత్రిగారు.

"నిబంధన..."

"ఇచ్చెయ్యమన్నానా!"

పైడిరాజు గడియారం అందుకుని బోర్లించాడు. రివిట్లు బిగించిన వేళ్ళకు ఆ మర ఒక లెక్కా? యంత్రం ఊడింది. పెద్ద ముల్లూ, చిన్న ముల్లూ లాగి మంత్రిగారి చేతిలో పెట్టాడు. అంకెలు ఒక్కొక్కటీ గోటితో గీకేశాడు. గేదెను దింపి, విన్సెంటును ఎక్కించి, గ్రామఫోను ముల్లు దించాడు. ముల్లును ముల్లుతోనే తీయాలని పెద్దలు ఊరికే అనలేదు.

మొదట హార్బరు సైరన్. దాని కింద నుంచి డ్రమ్ములు, రాత్రి షిఫ్టు దిగే జనం బూట్ల చప్పుడులా. కాంట్రాక్టరు మధ్య బెజ్జాన్ని పెద్దది చేసిన పాపానికి పాట అలల మీది పడవలా కాస్త అటూ ఇటూ ఊగుతోంది. ఆ ఊగుడులోనే విన్సెంటు గొంతు లేచింది, బొంగురుగా, పొగరుగా, ఇరవై మూడేళ్ళ వయసులో.

పైడిరాజు వేదిక దిగి, మళ్ళీ స్పీకరు పెట్టెకు కుడి చెవిని ఆనించాడు. అరచేత్తో పెట్టె మీద దరువేస్తున్నాడు. పాటలో డ్రమ్ము మోగడానికి ఒక్క క్షణం ముందే ఆ చెయ్యి పడుతోంది. ఎక్కడ కొట్టాలో చెయ్యి మరచిపోలేదు.

దక్షిణామూర్తి గారు మైకు పట్టుకుని, గొంతు చించుకుని అరుస్తున్నారు. "అరిగిపోతోంది! ఆపండి! ప్రజల ఆస్తి అరిగిపోతోంది!"

పైడిరాజు చెవిని పెట్టె మీంచి తీయకుండా, కళ్ళు తెరవకుండా, ఎడమ చెయ్యి ఎత్తి ఎడమ చెవి వెనకాల దోసిలిలా పెట్టాడు.

"ఏటంతన్నారు బావూ? నాకు సెవుడు గదా!"